సినగాగ్‌లో ఒక శనివారం: మన బడికి పనికొచ్చే సంగతులు

తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "వారానికి రెండు గంటల క్లాసుతో మా పిల్లలకి తెలుగు వస్తుందా?" నిజం చెప్పాలంటే, క్లాసు ఒక్కదానితో రాదు. మరి ఇంకేం కావాలన్నది నాకు ఒక సినగాగ్‌లో కాస్త అర్థమైంది. నాతో పనిచేసే ఒకావిడ వాళ్లబ్బాయి బార్ మిత్స్వాకి పిలిస్తే వెళ్లాను. అక్కడ చూసిందీ, ఆవిడని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో, శుక్రవారం సాయంత్రం

యూదుల విశ్రాంతి దినం షబ్బాత్. శుక్రవారం పొద్దుగూకేటప్పుడు మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగించడం ఆనవాయితీ. అమ్మానాన్నలు పిల్లల తలమీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ద్రాక్షరసానికీ, జడలా అల్లిన "హల్లా" రొట్టెలు రెండింటికీ ప్రార్థన చెప్పి భోజనానికి కూర్చుంటారు. ఆ ప్రార్థనలు హీబ్రూలో ఉంటాయి. వారం వారం అవే మాటలు కాబట్టి చిన్నపిల్లలకి కూడా వింటూ వింటూ నోటికొచ్చేస్తాయి.

సినగాగ్‌లో, శనివారం ఉదయం

తెలుగు బైబిల్లో సినగాగ్‌ని సమాజమందిరం అన్నారు. హీబ్రూ పేరుకి కూడా "కూడుకునే ఇల్లు" అనే అర్థం. తోలుచుట్ట మీద చేత్తో రాసిన తోరాని వారానికో భాగం చొప్పున చదువుతారు. అందులో అచ్చుల గుర్తులుండవు. మన గుణింతాలన్నీ తీసేసి ఒట్టి హల్లులు రాసినట్టన్నమాట! పదమూడేళ్ల ఆ అబ్బాయి నెలల తరబడి సాధన చేసి దాన్ని రాగంతో చదివాడు. ఒకచోట తడబడితే పక్కన నిలబడ్డ పెద్దాయన ఆ మాట మెల్లగా అందించారు. వాడు సరిదిద్దుకుని ముందుకెళ్లాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంకో సంగతి. కొన్ని ప్రార్థనలకి కనీసం 10 మంది పెద్దవాళ్లు ఉండాలి. సంప్రదాయ సినగాగ్‌లలో మగవాళ్లనే లెక్కిస్తారు, మిగతా చాలాచోట్ల ఆడవాళ్లనీ లెక్కిస్తారు. బార్ మిత్స్వా అయినవాడు ఆ లెక్కలోకి వస్తాడు. అంటే తొమ్మిదిమందే ఉన్నరోజు వాడు రాకపోతే ప్రార్థన ఆగుతుంది.

ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తిన్నారు. షబ్బాత్‌నాడు వంట చెయ్యకూడదు కాబట్టి చిక్కుడుగింజలు, బార్లీ, బంగాళదుంపలు, మాంసం వేసి శుక్రవారమే సన్నసెగ మీద పెట్టిన "చోలెంట్" వడ్డించారు. ఆ బల్లల దగ్గరే ముసలివాళ్లూ పిల్లలూ కబుర్లాడుకున్నారు.

మనం ఏం చెయ్యొచ్చు?

ఆ అబ్బాయికి హీబ్రూలో మాట్లాడడం రాదని వాళ్లమ్మే చెప్పింది. మనకి అంతటితో సరిపోదు, మన పిల్లలు అమ్మమ్మతో మాట్లాడాలి. అయినా తీసుకోదగ్గవి మూడున్నాయి.

1. ప్రతి పిల్లకీ ఒక పని. ఒకరు హాజరు పిలవాలి, ఒకరు తేదీ, వారం చెప్పాలి, ఒకరు సామెత చదవాలి. ఆ పిల్ల రాకపోతే ఆ పని ఆగాలి.

2. ఇంట్లో వారానికి ఒక పూట భోజనం తెలుగులోనే. "కాస్త పప్పు వెయ్యమ్మా", "ఇంకొంచెం నెయ్యి కావాలి" లాంటి మాటలు చాలు. ఆ పూట మాత్రం తప్పకూడదు.

3. క్లాసయ్యాక ఇరవై నిమిషాలు. దయచేసి పార్కింగ్ లాట్‌లో కార్లలోనే ఉండిపోకండి. ఫ్లాస్కులో టీ, కాస్త పులిహోర తెచ్చి లోపలికి రండి. ఊరినుంచి వచ్చిన తాతయ్య, నాయనమ్మలని తప్పక తీసుకురండి. పిల్లలు చదువుతుంటే వినేవాళ్లు, తడబడితే మాట అందించేవాళ్లు వాళ్లే.

మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే

మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీలు గుమ్మం దగ్గరే ఉంటాయి. ఫోన్లు, ఫోటోలు వద్దు. కోషర్ నియమాలుంటాయి కాబట్టి ఇంటి వంట తీసుకెళ్లకండి. "షబ్బాత్ షలోం" అని పలకరించండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారనీ, వాళ్లకో సినగాగ్ ఉందనీ పిల్లలకి చెప్పండి. వాళ్లు తమ యూదు స్నేహితులకి చెప్పుకోవడానికి ఒక మంచి కబురు దొరుకుతుంది.