జెల్ల నోట పెరుగు పిల్లలు

విశాఖతీరమున వేకువజామున పడవలు ఒడ్డు చేరిన తరుణమున, చేపలను గబగబ గంపలలోనికి విసరుచుండు జాలరులు జెల్లను చేత బట్టినపుడు మాత్రము తొందరపడక, ముందుగ దాని ముళ్ళను విఱిచిన గాని గంపలో వేయకుండుట చూచువారికి వింతగా దోచును. ఆ జాగ్రత్త ఊరక పుట్టినది కాదు. వీపురెక్కకు ముందొకటి, ఱొమ్మురెక్కలకు ముందు చెరియొకటిగా నున్న ఆ ఱంపపుపండ్ల ముళ్ళను అది నిక్కించెనా, కీళ్ళు బిగిసి, ఎంత అదిమినను వంగవు. వానిని కప్పిన చర్మమున విషముండుటచే గ్రుచ్చుకొన్నచోట భరింపరాని పోటు పుట్టును. ఆ విషము వేడికి చెడును గనుక, ఓర్చుకొనగల వేడినీట గాయమును నానబెట్టుట మంచి ఉపశమనము.

1837లో రుప్పెల్ అను జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఎఱ్ఱసముద్రపు చేపలలో వర్ణించిన నెటూమా థలసీనా అను పెద్దజెల్ల మన బంగాళాఖాతమునను కలదు. ఒంటిమీద పొలుసులు లేవు. తల గరుకైన ఎముకల డాలు. మూడుజతల మీసములతో బురదనేలను తడవి, పీతలను రొయ్యలను పసికట్టి తినును.

అయితే దీని విశేషమంతయు మగదాని నోటియందున్నది. లక్షలకొలది చిఱుగ్రుడ్లను కెరటములపాలు చేయు చేపలవలె గాక, ఆడుజెల్ల కొలదిపదుల గ్రుడ్లనే పెట్టును. కాని ఒక్కొక్కటి గచ్చకాయంత, సుమారు 15 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలది. వానిని మగజెల్ల నోటి కెత్తుకొని, మొప్పలకు పాఱు నీరు ఎడతెగక వానికి తగులునట్లు కాపాడుచు, వారములతరబడి ఆహారము ముట్టక మోయును. అట్టివానిని కోసి చూచినవారికి కడుపు వట్టిదై కనబడినది. నేనొకమారు ఒడ్డున పడియున్న జెల్ల నోరు తెఱచి చూచితిని: పసుపుపచ్చని సొనమీద, పలుచని పొరలోపల, చుట్టుకొని పడుకొన్న పిల్లకు అప్పటికే రెండు నల్లని కన్ను లేర్పడి యున్నవి. ఆ కన్నులను నేటికిని మఱవలేకున్నాను.

వలలో చిక్కి ఊపిరాడని తండ్రి ఆ గ్రుడ్లను కక్కివేయును. అవి మఱి బ్రదుకవు. 1980 దశాబ్దమున కర్ణాటక తీరమున, గుంపును చుట్టుముట్టి అడుగు బిగించు పెద్దవలలకు ఈ కుటుంబపు జెల్లలు పొదుగుకాలముననే పట్టుబడగా, వానితో కూడ గ్రుడ్లును రాసులుగ ఒడ్డు చేరెను; పిదప అచ్చట జెల్లల రాబడి క్షీణించెను. అట్టి వల తగులని తండ్రి నోటినుండి మాత్రము, సొనసంచి కరగువఱకును లోపలనే యుండిన పిల్లలు, మీసములతోసహా జెల్లరూపము నిండార దాల్చి, నీటిలోనికి వెలువడును.