తీర్పు చెప్పేవారూ, తోడు కూర్చునేవారూ

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర సాయంకాలం అయిదు దాటితే కాలు పెట్టడానికి చోటుండదు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు అశోక్‌నగర్ గదుల్లోంచి వచ్చి, ఒడిలో పుస్తకం, చేతిలో టీ గ్లాసుతో కూర్చుని ఉంటారు. పోయిన వానకాలంలో ఒకనాడు వాళ్ల మధ్యనుంచి ఒకమ్మాయి లేచి నా దగ్గరకు వచ్చింది. నాలుగేళ్ల క్రితం నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. పెళ్లయింది, అయిదో నెల. శుభవార్తే గదా అని నేను నవ్వబోయేంతలో ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నది.

టిఫా స్కానింగులో బిడ్డకు కపాలం ఏర్పడలేదని తేలిందట. పుట్టినా కొన్ని గంటలే, మహా అయితే రోజో రెండు రోజులో అని డాక్టరమ్మ చెప్పిందట. దేవుడిచ్చినదాన్ని మనం తీయరాదని అత్తగారు పట్టుబట్టారు. వాళ్ల ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడైతే, "విశ్వాసం ఉంటే కపాలం మొలవదా?" అన్నదట!

"మేడమ్, నేను చేయబోయేది హత్యా?" అని అడిగింది.

నేనూ క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్నే. మా ముత్తాతగారిది ఒంగోలు. ఆదివారం నారాయణగూడలో ఆరాధనకు వెళ్లడం నాకు చిన్ననాటినుంచీ అలవాటు. అయినా ఆ క్షణాన నోట మాట రాలేదు. "ప్రార్థన చేసుకుందాం అమ్మా" అని తప్పించుకున్నాను. తెలుగులో ఎం.ఏ. చేసి ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మనిషికి అంతకంటె మాట దొరకలేదు.

ఆ రాత్రి బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. గర్భస్రావం పేరెత్తి విధించిన ఆజ్ఞ అందులో ఒక్కటీ లేదు. తల్లి గర్భంలో ఉన్నప్పుడే దేవుడు మనిషిని రూపొందించాడన్న భావం 139వ కీర్తనలో ఉన్నది. దాన్ని ఆధారం చేసుకునే, గర్భం నిలిచిన క్షణంనుంచీ ప్రాణం పవిత్రమని కాథలిక్ సభ మొదలుకొని అనేక సంఘాలు బోధిస్తాయి. తేలిగ్గా తోసివేయదగిన మాట కాదది. ఇక నిర్గమకాండం 21వ అధ్యాయం చూడండి. మగవాళ్లు పోట్లాడుకుంటూ గర్భిణికి దెబ్బ తగిలించి పిండం పడిపోతే జరిమానా; ఆమెకే హాని కలిగితే ప్రాణానికి ప్రాణం. తల్లినీ పిండాన్నీ ఒకే తూకాన తూచలేదనడానికి ఉదారదృష్టిగల క్రైస్తవ పండితులు దీన్నే చూపుతారు. అక్కడి హీబ్రూ మాటకు నెలలు నిండక పుట్టడమని అర్థం చెప్పేవారూ ఉన్నారు. భాష చెప్పుకు బతికేదాన్ని గనుక ఒక్క మాట అనవచ్చునేమో: ఒక ఆడదాని బతుకు బరువంతా ఒక్క పదం మీద మోపడం నాకు నచ్చదు.

నాకు ధైర్యమిచ్చింది ఒక పాత సంగతి. 1878 జూలైలో జాన్ క్లౌ దొరగారి కాలంలో ఒంగోలు సీమలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మిషను అమెరికన్ బాప్టిస్టులది. ఆ సంప్రదాయానికే చెందిన హోవర్డ్ మూడీ అనే పాస్టరు న్యూయార్కులో జడ్సన్ స్మారక దేవాలయాన్ని నడిపేవారు. అప్పటికి అక్కడ గర్భస్రావం నేరం. డబ్బున్నవాళ్లు ఎక్కడికో వెళ్లి వచ్చేవారు. లేనివాళ్లు నాటు చేతుల్లో పడి కొందరు చచ్చిపోయేవారు కూడా. 1967 మే నెలలో 21 మంది పాస్టర్లు, యూదు గురువులు కలిసి, కష్టంలో ఉన్న స్త్రీలు తమతో మాట్లాడవచ్చునని పేర్లతో సహా పత్రికలో ప్రకటించారు. వచ్చినవారి మాట వినేవారు. కోరితే నమ్మకమైన వైద్యుని దగ్గరకు పంపేవారు. జైలుకు పోవలసి రావచ్చునని తెలిసే ఆ పని చేశారు. 1970లో న్యూయార్కు చట్టం మారింది. 1973లో దేశమంతటా వచ్చిన హక్కును 2022లో అక్కడి సుప్రీంకోర్టే తీసివేసింది.

మన దగ్గర ఆ చిక్కు లేదు. 1971 నాటి చట్టం 1972 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. 2021 సవరణ కొందరికి గడువును 24 వారాలకు పెంచింది. ఇలాంటి తీవ్రమైన అవయవలోపాలు ఉంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ గడువూ అడ్డు కాదు. 24 వారాల దాకా పెళ్లికానివారికీ పెళ్లయినవారితో సమానంగా వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిల్లకు అడ్డు నిలిచింది శాసనం కాదు, మనుషులు.

1994లో చికాగోలో కొందరు నల్లజాతి స్త్రీలు ఈ సమస్యకు 'సంతాన న్యాయం' అనదగిన పేరొకటి పెట్టారు. కనకుండే హక్కు ఒక్కటే చాలదు, కనే హక్కూ, కన్న బిడ్డను క్షేమంగా పెంచుకునే హక్కూ కావాలన్నారు. అదే 1994లో మన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి పిల్లలున్నవారు ఎన్నికల్లో నిలబడరాదన్నది; ఆంధ్రలో ఆ నిబంధన పోవడానికి 2024 దాకా పట్టింది. కనమన్నా, వద్దన్నా, చెప్పేది ఎప్పుడూ పక్కవారే!

మూడోనాడు అశోక్‌నగర్‌లో ఆమె గదికి వెళ్లాను. "నువ్వడిగినదానికి నా జవాబు, కాదు. ఏది నిర్ణయించుకున్నా నీ వెంట ఉంటాను" అన్నాను.

"ఉంచుకుంటానన్నా?"

"ఉంచుకుంటానన్నా."

రెండు రోజులు ఆలోచించుకున్నది. భర్త సెలవు పెట్టి వచ్చాడు. ఆసుపత్రిలో అంతా అయిన సాయంకాలం, వాళ్ల సంఘం పాస్టరుగారు వస్తున్నారని తెలిసి నా గుండె దడదడలాడింది. వచ్చారు. చిన్నవాడే. వాక్యం చదవలేదు, హితవు చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాస్టరమ్మగారు క్యారేజీ విప్పి చారన్నం కలిపి పెట్టారు. చాలాసేపటికి ఆ పిల్ల గోడవైపు తిరిగి, బిడ్డకోసం ప్రార్థన చేస్తారా అని అడిగింది.

"పేరేమి అనుకున్నారమ్మా?" అన్నారాయన.

చెప్పింది.