ఒక్కటే వస్తువు, రెండు రూపములు

“హరికి పుస్తక మిమ్ము, సీతకు పలక యిమ్ము” అని మనము చెప్పుదుము. ఈ రెండు పేళ్లకును వేఱువేఱు ప్రత్యయములు చేరినవా? లేదు. అర్థ మొక్కటే, పనియు నొక్కటే. ఇకారము పిదప వచ్చుటచే ‘కు’ అనునది ‘కి’ అయినది. ఈ మార్పును చిన్నయసూరిగారు బాలవ్యాకరణమున సూత్రముగాఁ జెప్పిరి. ఇట్లొకే పదాంశము దాల్చు వేర్వేఱు రూపములను భాషాశాస్త్రజ్ఞులు ‘ఆలోమార్ఫు’లందురు.

గ్రీకుభాషలో ‘ఆలోస్’ అనఁగా అన్యము, ‘మార్ఫే’ అనఁగా రూపము. ఈ పేరు మొదట రసాయనశాస్త్రమునఁ బుట్టి, 20వ శతాబ్దమున భాషాశాస్త్రమునఁ జేరినది. రసాయనశాస్త్రమున దీని యర్థమేమో చూతము.

పాలరాయియు ముత్యమును జూచుటకు వేఱు. అయినను రెండింటను ముఖ్యద్రవ్యము కాల్షియము కార్బొనేటే. అది పాలరాతిలో కాల్సైటుగాను, ముత్యములో సాధారణముగా అరగొనైటుగాను ఉండును. ఈ రెండు ఖనిజముల ద్రవ్యము నొక్కటే యని జర్మను రసాయనవేత్త క్లాప్రోతు 1788లో కనుఁగొనెను. కాల్సైటులో ఒక్కొక్క కాల్షియము పరమాణువుచుట్టు 6 ఆక్సిజన్ పరమాణువులుండఁగా, అరగొనైటులో 9 ఉండును. కూర్పు బిగువగుటచే అరగొనైటు సాంద్రత 2.93, కాల్సైటు సాంద్రత 2.71. అరగొనైటును మిక్కిలి వేఁడిచేసినచో కాల్సైటగును. ద్రవ్యము మాఱదు, అమరిక మాత్రమే మాఱును.

అమరికయే గదా యని తేలికగాఁ జూడరాదు. 1998లో రిటోనవిర్ అను ఎయిడ్సు మందు తయారగుచుండఁగా, అంతవఱకెఱుఁగని స్ఫటికరూప మొకటి పుట్టెను. అణువు పూర్వపుదే. కాని యీ రూపము చాలఁ దక్కువగాఁ గరఁగును. కరఁగని మందు రోగి రక్తమునఁ జేరదు. కావున ఆ మందు క్యాప్స్యూళ్లను బజారునుండి తీసివేసి, క్రొత్తరీతిని తయారుచేయవలసివచ్చెను.

ఈ పోలికకు హద్దు గలదు. ‘కు’ ‘కి’ అయినను అర్థము చెడదు. స్ఫటికము రూపు మాఱినచో గుణమే మాఱవచ్చును. మాటలో మార్పునకుఁ బ్రక్కనున్న ధ్వని కారణము; స్ఫటికమున వేఁడిమి, ఒత్తిడి, ద్రావకము మొదలగునవి కారణములు. అయినను రెండుచోట్లను అడుగవలసిన ప్రశ్నలు మూఁడే: మాఱనిదేది? మాఱినదేది? ఏల మాఱినది?

విద్యార్థులారా, రూపభేదములను వల్లెవేయుటకు ముందు ఈ ప్రశ్నల నడుగుఁడు. ‘హరిని’, ‘సీతను’ అను మాటలతో నేఁడే మొదలుపెట్టుఁడు.