ఎ.ఆర్.రెహమాన్ వాణిజ్య ప్రకటనల సంగీతం

ప్రముఖ సంగీత దర్శకుడు ఎ.ఆర్.రెహమాన్ సినీరంగంలో ప్రవేశించడానికి ముందు, 1987 నుండి దాదాపు ఐదేళ్ళపాటు మద్రాసులో వాణిజ్య ప్రకటనలకు బాణీలు కట్టాడు. జింగిల్స్ అని పిలిచే ఈ చిన్న బాణీలే ఇతనికి స్వతంత్ర స్వరకర్తగా తొలి జీవనాధారం.

నేపథ్యం

రెహమాన్ 1967 జనవరి 6న మద్రాసులో జన్మించాడు. అసలు పేరు దిలీప్ కుమార్. తండ్రి ఆర్.కె.శేఖర్ మలయాళ చిత్రాల సంగీత దర్శకుడు. 1976లో ఆయన మరణించగా, వాద్య పరికరాలను అద్దెకిచ్చి కుటుంబం గడుపుకుంది. దిలీప్ చదువు మధ్యలోనే ఆగిపోయింది. చిన్న వయసులోనే ఇళయరాజా, రమేష్ నాయుడు, రాజ్-కోటి వంటివారి వాద్యబృందాలలో కీబోర్డు వాయించాడు. మిత్రులు శివమణి, సురేష్ పీటర్స్, జాన్ ఆంథోనీ తదితరులతో కలిసి రూట్స్ అనే బ్యాండులో పాల్గొన్నాడు. తరువాత నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండును స్థాపించాడు.

ఆల్విన్ ప్రకటన

1987లో ఇతడు చేసిన మొదటి జింగిల్ ఆల్విన్ చేతిగడియారాలది. ఆల్విన్ హైదరాబాదు సంస్థ. ఒకప్పుడు తెలుగువారి ఇళ్ళలో దీని గడియారాలు, రిఫ్రిజిరేటర్లు సర్వసాధారణం. ఆ గడియారాల తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. ఈ సంగతి తెలుగు పాఠకులలో కొందరికే తెలుసు.

బృందంలో వాయించేవాడు ఇతరులు వ్రాసిన స్వరాలను వాయించి వేతనం పుచ్చుకుంటాడు. జింగిల్‌లో బాణీ, వాద్యాల కూర్పు అన్నీ స్వరకర్తవే. పల్లవి, చరణాలకు అందులో చోటుండదు. సుమారు ముప్ఫై సెకన్లలో శ్రోత చెవిని పట్టుకోవాలి, వస్తువు పేరు స్పష్టంగా వినిపించాలి. పైగా ప్రకటనల సంస్థలు కొత్త ధ్వనిని కోరుకుంటాయి. అప్పటి సినీ నిర్మాతలు ఒక యువకుడికి ఇంతటి స్వేచ్ఛ ఇచ్చేవారు కారనే చెప్పాలి. రెహమాన్ తన ఇంటి పెరటిలో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియోను నిర్మించుకున్నాడు.

రోజా అవకాశం

లియో కాఫీ ప్రకటనకు కట్టిన బాణీ ఇతనికి బహుమతి తెచ్చింది. ఆ బహుమతి ప్రదాన సభలోనే దర్శకుడు మణిరత్నంతో పరిచయమైంది. 1992లో విడుదలైన రోజా చిత్రానికి ఇతనికి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది. తెలుగు అనువాదానికి పాటలు వ్రాసినది రాజశ్రీ. రోజా పాటలలో ప్రతి వాద్యం విడివిడిగా, స్పష్టంగా వినిపించడం వెనుక జింగిల్స్ నాటి సాధన ఉన్నదనుకోవచ్చు.

సినిమాలలో స్థిరపడిన తరువాత కూడా రెహమాన్ ప్రకటనలను పూర్తిగా వదలలేదు. 2002లో ఎయిర్‌టెల్ సంస్థకు కట్టిన బాణీని కోట్లాది మంది తమ చరవాణులలో పెట్టుకున్నారు.