ప్రభుత్వ కొనుగోలు కార్డులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: కార్డు చేతికొస్తే ఉద్యోగి ప్రభుత్వ సొమ్మును ఇష్టారాజ్యంగా ఖర్చు చేయవచ్చు.

వాస్తవం: అమెరికా సమాఖ్య ప్రభుత్వంలో 1998 నుంచి ‘స్మార్ట్‌పే’ పేరుతో నడుస్తున్న ఈ పద్ధతిలో, ఒక్కో కొనుగోలుకు ఎంత, నెలకు ఎంత అన్న హద్దులను ముందే విధిస్తారు, ఏ తరహా వ్యాపారుల వద్ద కార్డు చెల్లకూడదో కూడా బ్యాంకు వ్యవస్థలోనే కట్టడి చేస్తారు. అయితే ఆ కట్టడి దుకాణం తరగతిని గుర్తించగలదే గాని, అక్కడ కొన్న వస్తువు ఏమిటో చెప్పలేదు.

అపోహ: పరిమితికి లోబడిన బిల్లు సక్రమమైనదే.

వాస్తవం: పోటీ ధరలు పిలవకుండా నేరుగా కొనడానికి వీలున్న మొత్తాన్ని సూక్ష్మ కొనుగోలు పరిమితి అంటారు, సాధారణ కొనుగోళ్లకు అది 2025 అక్టోబరులో 10,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెరిగింది. 24,000 డాలర్ల కుర్చీలు కావలసిన కార్యాలయం ఈ పరిమితిని తప్పించుకోవడానికి ఒకే దుకాణంలో 12,000 చొప్పున రెండు బిల్లులు చేయించుకుంటే, ఏ బిల్లుకాబిల్లు సవ్యంగానే కనిపించినా, అది నిషిద్ధమైన ‘విడగొట్టిన కొనుగోలు’ అవుతుంది.

అపోహ: ఉద్యోగుల కన్నా కార్డులు ఎక్కువ ఉండటమే అక్రమాలకు రుజువు.

వాస్తవం: 2025లో ప్రచారంలోకి వచ్చిన 46 లక్షల ఖాతాల లెక్కలో కొనుగోలు కార్డులతో పాటు ప్రయాణ, వాహన కార్డులు కూడా ఉన్నాయి, వీటిలో వాహన కార్డును సాధారణంగా మనిషికి కాక వాహనానికి కేటాయిస్తారు. వాడకంలో లేని ఖాతాలను మూసివేయడం మంచిదే గాని, సంఖ్యను చూసి నేరాన్ని నిర్ధారించడం తొందరపాటు.

అపోహ: పై అధికారి సంతకం ఉంటే చాలు.

వాస్తవం: అసలు రక్షణ సంతకంలో కాక పనుల విభజనలో ఉంది: కొనేవారు ఒకరు, సరుకు అందిందని ధ్రువీకరించేవారు మరొకరు, ఆమోదించేవారు ఇంకొకరు కావాలి. అమెరికా పార్లమెంటుకు లెక్కలు తనిఖీ చేసి పెట్టే జవాబుదారీ కార్యాలయం 2008 నివేదికలో, సరైన అనుమతి, స్వతంత్ర స్వీకరణ అనే రెండు ప్రాథమిక నియమాల్లో ఏదో ఒకటి దాదాపు 41 శాతం లావాదేవీల్లో పాటింపబడలేదని అంచనా వేసింది. ఆ తనిఖీలో పరిశీలించిన, సులువుగా మాయం కాగల 27 లక్షల డాలర్లకు పైబడిన వస్తువుల్లో 18 లక్షల డాలర్లకు పైగా విలువైనవాటికి శాఖలు ఆచూకీ చూపలేకపోయాయి. దొంగిలించారో, పారేశారో, బీరువాలో మరిచారో తేల్చగల కాగితమే లేదు. 2012లో చేసిన కార్డు దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం ప్రతి శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ ఈ కార్డుల వాడకంలోని ముప్పును ఎప్పటికప్పుడు మదింపు చేయవలసి ఉంటుంది.