ఒకే ప్రశ్న... మూడు జవాబులు!

రాజంపేట ఏ జిల్లాలో ఉంది?

ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న అడిగి చూడండి. తాతయ్య ‘నిజామాబాద్’ అంటాడు. మనవరాలు ‘కాదు తాతా, కామారెడ్డి’ అని సరిదిద్దుతుంది. చుట్టపుచూపుగా వచ్చినాయన ‘రాజంపేట ఉన్నది రాయలసీమలో కదా’ అంటూ నోరెళ్లబెడతాడు. తమాషా ఏమిటంటే... ముగ్గురి మాటలోనూ నిజముంది.

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి కొత్త జిల్లా అయింది. రాజంపేట కొత్త మండలమైందీ అప్పుడే. రాయలసీమలో అదే పేరుతో మరో ఊరుంది. 2022లో అది కూడా కడప జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి మారింది. అంటే, జనరల్ నాలెడ్జ్ ప్రశ్నకు జవాబొక్కటే తెలిస్తే చాలదు, అది ఎప్పటి జవాబో కూడా తెలియాలి!

జవాబుకూ ఎక్స్‌పైరీ!

మందుల డబ్బా మీద తేదీ చూస్తాం. బిట్ బ్యాంకు మీద మాత్రం చూడం. అక్కయ్య చదివిన పుస్తకమే తమ్ముడికి, సీనియర్ వదిలేసిన గైడే జూనియర్‌కి చేరుతుంటుంది. 2023 జులైలో జరిగిన గ్రూప్-4 పరీక్షలో జనరల్ నాలెడ్జ్ పేపరుకే 150 మార్కులు. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం చేజారే చోట పాత జవాబు ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా?

కావాలంటే ఇవి చూడండి.

* తెలంగాణలో జిల్లాలెన్ని? 2014లో 10. 2016లో 31. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరాక 33.

* దేశంలో రాష్ట్రాలెన్ని? 2014లో తెలంగాణ 29వ రాష్ట్రమైంది. 2019లో జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కావడంతో లెక్క మళ్లీ 28కి వచ్చింది.

* పాలపిట్ట ఏ రాష్ట్ర పక్షి? ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. ఇప్పుడు తెలంగాణది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది.

* గ్రహాలెన్ని? తొమ్మిదని వల్లె వేసినవాళ్లు ఎందరో! 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా తేల్చడంతో ఎనిమిదే మిగిలాయి.

* మన దేశంలో ప్రాచీన హోదా ఉన్న భాషలెన్ని? 2008లో తెలుగుకు ఆ గౌరవం దక్కింది. 2014 నాటికి ఆరు. 2024లో మరో అయిదు చేరి పదకొండయ్యాయి.

* ఎవరెస్టు ఎత్తెంత? చాలాకాలం 8,848 మీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన కొత్త లెక్క 8,848.86.

మారనివీ ఉన్నాయి

అలాగని అన్నీ మారిపోవు. ‘మొట్టమొదటి’ అన్న మాటతో మొదలయ్యే ప్రశ్నలకు దాదాపు భయం లేదు. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట, 1975లో నింగికెగిరింది. ఆ జవాబు ఎప్పటికీ అదే. నిజాంసాగర్ మంజీర నది మీద ఉందనీ, 1931లో పూర్తయిందనీ చెబితే ఎప్పుడైనా మార్కు పడుతుంది. ‘ఏ జిల్లా’ అంటేనే చిక్కు. పాత పుస్తకంలో నిజామాబాద్ అనుంటుంది, కొత్తదాంట్లో కామారెడ్డి. ‘ఎన్ని’, ‘ఎవరు’, ‘ఎక్కడ’, ‘అతి పెద్దది’... ఈ మాటలు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాల్సిందే.

మొదటి నుంచీ తప్పే!

ఇంకో రకం ఉంది. ఎప్పుడూ నిజం కాకపోయినా తరతరాలుగా అప్పజెబుతున్న జవాబులు. ‘మన జాతీయ క్రీడ ఏది?’ అంటే ఠక్కున హాకీ అంటాం. కానీ ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని 2012లో ఓ సమాచార హక్కు దరఖాస్తుకు బదులిస్తూ కేంద్రమే చెప్పింది. ‘జాతీయ భాష హిందీ’ అన్నదీ అలాంటిదే. రాజ్యాంగంలోని 343వ అధికరణ దాన్ని కేంద్ర ప్రభుత్వ అధికార భాషగానే పేర్కొంది.

మరి పాత బిట్ బ్యాంకుల్ని పారేయాలా? అక్కర్లేదు. పెన్సిల్ పట్టుకుని ప్రతి జవాబు పక్కనా సంవత్సరం రాసుకుంటూ వెళ్తే చాలు. పిల్లలు సరిచూస్తుంటే, పెద్దలు అప్పటి సంగతులు చెబుతుంటే ఆదివారం ఇట్టే గడిచిపోతుంది. తాతయ్య చెప్పింది తప్పు కాదు, అప్పటి నిజమని మనవరాలికి అర్థమవుతుంది.

ఇప్పుడు మళ్లీ అడగండి... రాజంపేట ఏ జిల్లాలో ఉంది?

‘ఏ రాజంపేట? ఎప్పటి మాట?’ అని ఎదురు ప్రశ్న వచ్చిందా... ఫుల్ మార్కులు వేసేయండి!