ఒక్కరికే చికిత్సతో తగ్గదు ‘ట్రైకోమోనియాసిస్‌’

* భార్యాభర్తలిద్దరూ మందు వాడాల్సిందే
* లక్షణాలు లేకున్నా ఇతరులకు సోకే అవకాశం

తెల్లబట్ట అవుతుంటే వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లతో సరిపెట్టుకునే స్త్రీలు ఎందరో ఉన్నారు. మరికొందరు వైద్యుని వద్దకు వెళ్లేందుకు బిడియపడి, మందుల దుకాణంలో అడిగి మాత్రలు మింగుతారు. కొన్నాళ్లు తగ్గినట్లే తగ్గి మళ్లీ మొదలవుతుంది. ఇలా పదేపదే తిరగబెట్టే ఇబ్బందికి ‘ట్రైకోమోనియాసిస్‌’ అనే సుఖవ్యాధి కారణం కావచ్చు. ఇది పూర్తిగా నయమయ్యే వ్యాధే. అయితే భార్యకు మాత్రమే చికిత్స చేయించి భర్తను వదిలేస్తే తిరిగి సోకుతుంది.

ఏమిటీ వ్యాధి?

‘ట్రైకోమోనాస్‌ వజైనాలిస్‌’ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల ఈ వ్యాధి వస్తుంది. దీనిని 1836లో ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌ డోనే తొలిసారిగా గుర్తించారు. కంటికి కనిపించని ఈ జీవి కొరడాల వంటి పోగుల సాయంతో ఈదుతూ కదులుతుంది. స్త్రీలలో యోనిలోనూ, పురుషులలో మూత్రనాళంలోనూ నివసిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో 15.6 కోట్ల కొత్త కేసులు నమోదయ్యే స్థాయిలో ఇది వ్యాపించింది.

లైంగిక సంబంధం ద్వారానే ఇది ప్రధానంగా సోకుతుంది. కలిసి భోజనం చేయడం, చేతులు కలపడం వంటి వాటివల్ల రాదు.

లక్షణాలు

వ్యాధి సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. లక్షణాలు కనిపిస్తే సాధారణంగా 5 నుంచి 28 రోజుల్లో బయటపడతాయి. స్త్రీలకు పసుపు లేదా ఆకుపచ్చ రంగులో, నురుగుతో, దుర్వాసనతో స్రావం కావచ్చు. దురద, మంట, మూత్ర విసర్జనలో నొప్పి, కలయిక సమయంలో బాధ ఉండవచ్చు. పురుషులలో కొందరికి మాత్రమే మూత్రంలో మంట, స్వల్ప స్రావం కనిపిస్తాయి.

పెరుగు విరిగినట్లు తెల్లటి స్రావం, దురద ఉంటే అది శిలీంధ్రం వల్ల వచ్చే వేరే వ్యాధి కావచ్చు. దానికి వాడే మందు దీనికి పనిచేయదు. అందువల్ల పరీక్ష లేకుండా సొంత వైద్యం తగదు.

నిర్లక్ష్యం చేస్తే..

గర్భిణులకు ఈ వ్యాధి ఉంటే నెలలు నిండకుండానే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పు పెరుగుతుంది. హెచ్‌ఐవీ సోకే అవకాశమూ అధికమవుతుంది.

పరీక్ష, చికిత్స

యోని స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే కదులుతున్న పరాన్నజీవులు కనిపిస్తాయి. ఆలస్యమైతే వాటి కదలిక ఆగిపోయి గుర్తించడం కష్టమవుతుంది. కనుక నమూనాను పది నిమిషాల్లోపే చూడటం మేలు. జన్యు పదార్థాన్ని గుర్తించే పరీక్షలు ఇంతకన్నా కచ్చితమైనవి.

మెట్రోనిడజోల్‌ వంటి మాత్రలతో వ్యాధి నయమవుతుంది. మోతాదు, ఎన్ని రోజులు వాడాలన్నది వైద్యులే నిర్ణయించాలి. బాధ తగ్గిందని మధ్యలో మానకూడదు. గర్భిణులు ఆ విషయాన్ని ముందే వైద్యునికి తెలపాలి.

భర్తకు ఏ లక్షణమూ లేకున్నా అదే సమయంలో చికిత్స తీసుకోవాలి. ఇద్దరి చికిత్స పూర్తయి, లక్షణాలు తగ్గేవరకు కలయికకు దూరంగా ఉండాలి. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన శరీరానికి రక్షణ ఏర్పడదు. అందుకే స్త్రీలు మూడు నెలల తర్వాత మరోసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. నిరోధ్‌ వాడకం ముప్పును తగ్గిస్తుంది.

అనుమానాలు వద్దు

పరీక్షలో వ్యాధి ఉన్నట్లు తేలగానే కొన్ని కుటుంబాల్లో స్త్రీని నిందించే పరిస్థితి తలెత్తుతుంది. ఈ పరాన్నజీవి లక్షణాలు లేకుండానే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి శరీరంలో ఉండిపోగలదు. అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పలేదు. ముందుగా బయటపడినవారే తెచ్చారనుకోవడం పొరపాటు. నిందల భయంతో భార్య మౌనంగా ఉండిపోతే ఇద్దరికీ నష్టమే. దంపతులిద్దరూ కలిసి ప్రభుత్వ ఆసుపత్రిలోని సుఖవ్యాధుల విభాగానికి గానీ, స్త్రీవైద్య నిపుణుల వద్దకు గానీ వెళ్లి, ఇతర సుఖవ్యాధుల పరీక్షలూ చేయించుకోవడం ఉత్తమం.